రోజుకి ఎన్ని కేలరీలు? బరువు తగ్గాలనుకునే హాస్టల్ మిత్రులకి ఒక లెక్కల పాఠం

ఫెస్ట్ దగ్గర పడుతుంటే, ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలవుతుంటే హాస్టల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఈ నెలలో పది కిలోలు తగ్గాలిరా." ఆ మాట అన్నవాళ్లు మర్నాటి నుంచి టిఫిన్ మానేస్తారు. రాత్రి రెండు యాపిల్ ముక్కలతో సరిపెడతారు. నాలుగో రోజు ల్యాబ్‌లో కళ్లు తిరుగుతాయి, ఏడో రోజు ఫుల్ ప్లేట్ బిర్యానీ. ఆ తర్వాత "నాకు విల్ పవర్ లేదు" అని తమని తామే తిట్టుకోవడం.

ఇక్కడ తప్పు విల్ పవర్‌ది కాదు, లెక్కది. మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం కాబట్టి ముందు ఆ లెక్కే చేసి చూద్దాం.

పది కిలోల లెక్క

ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలని ఒక మోటు లెక్క ఉంది. అంటే మనం ఖర్చు చేసేది మనం తినేదాని కంటే అంత ఎక్కువ ఉండాలి. పది కిలోలకి 77,000. దాన్ని 30 రోజులకి పంచితే రోజుకి సుమారు 2,570 కేలరీల లోటు.

80 కిలోల బరువుండి, క్లాసులకి నడిచి వెళ్లే ఒక అబ్బాయి రోజు మొత్తం మీద ఖర్చు చేసేదే దాదాపు 2,450. అంటే నెల రోజులు పచ్చి మంచినీళ్లు తాగి బతికినా అతనికి ఆ లోటు రాదు! "నెలకి పది కిలోలు" అనే ప్రకటన కనిపిస్తే ఈ ఒక్క భాగహారం చాలు. మరి కొందరికి మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గుతుంది కదా అంటారా? అందులో చాలావరకు నీళ్లే. మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. మళ్లీ రెండు రోజులు మామూలుగా తింటే రెండూ తిరిగొస్తాయి. త్రాసు ముల్లు కదిలింది కానీ కొవ్వు కదల్లేదు.

అసలు కేలరీ అంటే

కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి కావాల్సిన శక్తిని కిలోకేలరీ అంటాం. ఆహారం గురించి మాట్లాడేటప్పుడు అందరూ "కిలో" వదిలేసి ఉత్త కేలరీ అనేస్తారు. ఈ వ్యాసంలోనూ అంతే. పిండిపదార్థం గ్రాముకి 4, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9 కేలరీలు ఇస్తాయి. ప్యాకెట్ల మీద అంకెలు ఈ 4, 4, 9 నుంచే వస్తాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఆట్వాటర్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో చేసిన కొలతల ఫలితం అది.

ముందు ఒక ప్రశ్న: నిజంగా తగ్గాలా?

లెక్క మొదలుపెట్టే ముందు బీఎంఐ చూసుకోండి. బరువుని కిలోల్లో తీసుకుని, ఎత్తు మీటర్ల వర్గంతో భాగిస్తే వస్తుంది. మన దేశంలో వైద్యులు వాడే హద్దులు పాశ్చాత్యుల కంటే తక్కువ. 18.5 నుంచి 22.9 దాకా మామూలు, 23 నుంచి 24.9 దాకా అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అదే బరువు దగ్గర మనవాళ్లకి పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ కాబట్టి గీత కిందకి జరిపారు.

157 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువున్న అమ్మాయి బీఎంఐ 20.3. ఆమె చక్కగా ఉంది. "కొంచెం లావయ్యావే" అని పెళ్లిలో ఎవరో పిన్నిగారు అన్నంత మాత్రాన ఈ వ్యాసంలోని లోటు లెక్క ఆమెకి వర్తించదు. జిమ్‌లో బరువులెత్తే వాళ్లకి కండ వల్ల బీఎంఐ ఎక్కువ చూపించవచ్చు, అదీ గుర్తుంచుకోండి.

ఇంకొందరు ఈ లెక్క సొంతంగా చేసుకోకుండా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి: ఇంకా 18 నిండనివాళ్లు (ఫస్టియర్‌లో చాలామంది ఉంటారు), షుగరు మందులు వాడేవాళ్లు, థైరాయిడ్ లేదా కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇంతకుముందు తిండి మానేయడం, తిన్నది కక్కేయడం లాంటి ఇబ్బంది పడినవాళ్లు.

మొదటి మెట్టు: ఖర్చు ఎంత?

ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, మెదడు నడవాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. దానికయ్యే ఖర్చే బీఎంఆర్. దీన్ని అంచనా వేయడానికి ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్, సెయింట్ జోర్ సూత్రం:

అబ్బాయిలకి: (10 × బరువు కిలోల్లో) + (6.25 × ఎత్తు సెంటీమీటర్లలో) − (5 × వయసు) + 5

అమ్మాయిలకి: (10 × బరువు) + (6.25 × ఎత్తు) − (5 × వయసు) − 161

వచ్చినదాన్ని మన కదలికని బట్టి గుణించాలి. రోజంతా కుర్చీలోనే ఉంటే 1.2. క్లాసులు, ల్యాబులు, మెస్ అంటూ తిరుగుతూ కొంచెం నడక ఉంటే 1.375. రోజూ గట్టిగా ఆడితే లేదా వ్యాయామం చేస్తే 1.55. ఇక్కడ మనసు మోసం చేస్తుంది. నెలకి రెండుసార్లు క్రికెట్ ఆడినవాడు కూడా 1.55 వేసుకుంటాడు. సందేహం ఉంటే ఒక మెట్టు కిందదే తీసుకోండి.

ఇద్దరి లెక్క చేద్దాం.

అబ్బాయి: 20 ఏళ్లు, 172 సెంటీమీటర్లు, 80 కిలోలు. బీఎంఐ 27. బీఎంఆర్ = 800 + 1,075 − 100 + 5 = 1,780. దాన్ని 1.375తో గుణిస్తే సుమారు 2,450.

అమ్మాయి: 20 ఏళ్లు, 157 సెంటీమీటర్లు, 62 కిలోలు. బీఎంఐ 25.2. బీఎంఆర్ = 620 + 981 − 100 − 161 = 1,340. 1.375తో గుణిస్తే సుమారు 1,840.

రెండో మెట్టు: ఎంత తగ్గించాలి?

"రోజుకి 500 తగ్గించు, వారానికి అరకిలో తగ్గుతావు" అన్నది అందరూ చెప్పే మాట. మన అబ్బాయికి ఇది పర్వాలేదు. 2,450 నుంచి 500 తీసేస్తే 1,950 మిగులుతుంది. అదే సలహా అమ్మాయికి చెబితే? 1,840 నుంచి 500 పోతే 1,340. అంటే కదలకుండా పడుకున్నా అయ్యే ఖర్చుకి సరిగ్గా సరిపోయేంత. ఇద్దరికీ ఒకే చొక్కా కుడితే ఒకరికి బిగుతవ్వక తప్పదు.

అందుకే అంకె కంటే శాతం మేలు. మొత్తం ఖర్చులో 15 నుంచి 20 శాతం మాత్రమే తగ్గించండి.

అబ్బాయికి అది 370 నుంచి 490. రోజుకి 2,000 పెట్టుకుంటే లోటు 450. వారానికి 3,150, అంటే సుమారు 0.4 కిలో.

అమ్మాయికి అది 275 నుంచి 370. రోజుకి 1,550 పెట్టుకుంటే లోటు 290. వారానికి పావుకిలో పైచిలుకు.

"పావుకిలోనా!" అని పెదవి విరవకండి. 12 వారాలకి అది సుమారు మూడు కిలోలు, అంటే 62 కిలోల్లో 5 శాతం. అధిక బరువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు మెరుగుపడతాయి. ఒక సెమిస్టర్‌లో అయిపోయే పని అది.

ఇక అడుగు హద్దు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా అమ్మాయిలు 1,200, అబ్బాయిలు 1,500 కేలరీల కిందకి పోకూడదన్నది సాధారణంగా చెప్పే మాట. అది గమ్యం కాదు, గోడ. చాలామంది ఆ 1,200నే టార్గెట్ అనుకుంటారు. మన ఇద్దరిలో ఎవరికీ అంత కిందకి దిగాల్సిన పనే లేదు. మీ లెక్క మీ బీఎంఆర్ దగ్గరికి వచ్చేస్తోందంటే, తిండి ఇంకా కోయకండి. నడక పెంచండి, లేదా గడువు పెంచండి.

తక్కువ తింటే తొందరగా అవుతుంది కదా?

రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలికి మాడిన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆయుధం పట్టమని చెప్పిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మొదట వాళ్లకి రోజుకి సుమారు 3,200 కేలరీలు పెట్టారు. తర్వాత 24 వారాల పాటు దాన్ని సగానికి, అంటే దాదాపు 1,570కి దించారు. వాళ్లు వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిచేవాళ్లు కూడా.

బరువు పావు వంతు పోయింది. దాంతోపాటు ఇంకా చాలా పోయాయి. ఎప్పుడూ చలి, నీరసం, చిరాకు, దిగులు. చదువు మీద, స్నేహాల మీద ఆసక్తి తగ్గింది. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసి చదువుకునేవాళ్లు. వాళ్ల బీఎంఆర్ దాదాపు 40 శాతం పడిపోయింది. ఒళ్లు తన ఖర్చులు తానే కోసుకుంది. ప్రయోగం ముగిశాక కూడా చాలామందికి ఎంత తిన్నా తృప్తి ఉండేది కాదు.

ఇందులో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1,570 అనే అంకెలో దోషం లేదు. మన ఉదాహరణలోని అమ్మాయికి దాదాపు అంతే పెట్టాం కదా! ఆమెకి అది 15 శాతం లోటు, ఆ యువకులకి సగం లోటు. కాబట్టి "మా ఫ్రెండ్ 1,500 తింటుంది, నేనూ అంతే తింటా" అనడం అర్థం లేని మాట. అంకె కాదు, మీ ఖర్చుతో దాని నిష్పత్తి ముఖ్యం.

మరీ వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండా పోతుంది, జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లొచ్చే ముప్పు పెరుగుతుంది, అమ్మాయిలకి నెలసరి తప్పుతుంది. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలే ఐరన్ చాలని ఒంటికి తిండి కూడా కోసేస్తే, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

"లంఖణం పరమౌషధం" అంటారుగా అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అజీర్ణం చేసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఒక పూట కడుపుకి విశ్రాంతినివ్వడం గురించి. మూడు నెలల కార్యక్రమం గురించి కాదు.

మూడో మెట్టు: మెస్‌లో ఎలా?

మన మెస్‌లో ఓట్స్, అవకాడోలు ఉండవు. ఉన్నదాంట్లోనే చూద్దాం. గరిటె సైజు, నూనె ధారాళం ప్రతి మెస్‌కీ మారతాయి కాబట్టి ఇవన్నీ సుమారు అంకెలే.

అబ్బాయికి 2,000 లెక్కన ఒక రోజు:

- పొద్దున: ఇడ్లీ 4 (200), సాంబారు ఒక కప్పు (100), పల్లీ చట్నీ రెండు చెంచాలు (80), ఉడికించిన గుడ్డు 1 (75). మొత్తం 455.
- మధ్యాహ్నం: అన్నం 250 గ్రాములు (325), పప్పు ఒక కప్పు (150), కూర ఒక కప్పు (120), పెరుగు 100 గ్రాములు (60). మొత్తం 655.
- సాయంత్రం: టీ (70), వేయించిన శనగలు గుప్పెడు (110). మొత్తం 180.
- రాత్రి: పుల్కాలు 3 (240), పప్పు లేదా రాజ్మా ఒక కప్పు (150), గుడ్లు 2 (150), అన్నం 100 గ్రాములు (130), మజ్జిగ (30). మొత్తం 700.

అన్నీ కలిపితే 1,990. అమ్మాయికైతే ఇందులోంచి ఒక ఇడ్లీ, ఒక చెంచా చట్నీ, మధ్యాహ్నం 100 గ్రాముల అన్నం, రాత్రి ఒక పుల్కా, రాత్రి అన్నం తీసేస్తే 1,560కి వస్తుంది. చూశారా, పప్పు, గుడ్లు, పెరుగు ముట్టుకోలేదు. కోత పడాల్సింది అన్నం దగ్గర, నూనె దగ్గర, చక్కెర దగ్గర. మాంసకృత్తుల దగ్గర కాదు.

మాంసకృత్తులు కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు ఉండాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో ఉంది. 80 కిలోలకి 66 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ నిలవాలంటే ఇంకొంచెం ఎక్కువే మంచిది. పై భోజనంలో సుమారు 75 వస్తాయి. గుడ్డు తిననివాళ్లు సోయా గింజలు, పనీరు, శనగలు, ఇంకో కప్పు పప్పుతో సర్దుకోవచ్చు.

కనిపించని కేలరీలు మాత్రం జాగ్రత్త. ఒక టీస్పూన్ నూనె 45. కూర గిన్నెలో పైన తేలే నూనెతో సహా వడ్డించుకుంటే తెలియకుండానే వంద దాటుతుంది. గరిటెని అంచుకి ఆనించి వడకట్టి వేసుకోండి. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు సుమారు 130. మూడు కిలోమీటర్లు నడిచి 150 నుంచి 180 ఖర్చు చేసి, దారిలో ఆ సీసా తాగితే మిగిలేది చిల్లరే.

శనివారం బిర్యానీ సంగతేంటి? ఫుల్ ప్లేట్ వెయ్యి దాకా వెళ్లడం విశేషమేమీ కాదు. మానక్కర్లేదు. వారం బడ్జెట్ 14,000 అనుకోండి. సగం ప్లేట్ ఫ్రెండ్‌తో పంచుకుని, ఆ రోజు మిగతా రెండు పూటలూ కాస్త తేలిగ్గా తింటే సరిపోతుంది. మర్నాడు పస్తుండి "శిక్ష" వేసుకోవద్దు. ఆ పస్తే ఎల్లుండి ఇంకో బిర్యానీకి దారి తీస్తుంది.

నాలుగో మెట్టు: ఫీడ్‌బ్యాక్

మిఫ్లిన్ సూత్రం అమెరికాలో 498 మందిని కొలిచి తయారు చేసినది. చాలామందికి 10 శాతం తేడాలోపు సరిపోతుంది. కానీ మన అబ్బాయికి ఆ 10 శాతమే 178 కేలరీలు. దానికి మెస్ గరిటె తేడా కలిపితే లెక్క ఎంత మోటో అర్థమవుతుంది. కాబట్టి సూత్రం ఇచ్చేది ప్రారంభ విలువ మాత్రమే. సరిదిద్దుకోవాల్సింది త్రాసుని చూసి. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

వారంలో నాలుగు రోజులు, పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. సగటు రాసుకోండి. ఒక్క రోజు అంకెని నమ్మవద్దు. ఉప్పు, నీళ్లు, నెలసరి వల్ల కిలో అటూ ఇటూ ఊగుతుంది. అది నాయిస్. అమ్మాయిలు నాలుగు వారాల తేడాతో, నెలసరిలో అదే దశలో పోల్చుకుంటే నిజం తెలుస్తుంది. మొదటి రెండు వారాలు నీళ్ల లెక్క, వాటిని వదిలేయండి.

ఆ తర్వాత నాలుగు వారాలైనా కదలిక లేకపోతే 100 నుంచి 150 కేలరీలు తగ్గించండి, లేదా రోజూ అరగంట నడక కలపండి. వారానికి కిలో కంటే ఎక్కువ పోతుంటే సంబరపడకుండా 200 కేలరీలు పెంచండి.

ఇంకో సంగతి. 7,700 లెక్క సరళరేఖ. ఒళ్లు సరళరేఖ కాదు. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. మన అబ్బాయి 76 కిలోలకి వస్తే బీఎంఆర్ 1,740, మొత్తం ఖర్చు సుమారు 2,390. అంటే అదే 2,000 తిన్నా లోటు 450 నుంచి 390కి కుదించుకుపోయింది. పైగా తెలియకుండానే మన కదలికలు కూడా కాస్త మందగిస్తాయి. అందుకే మూడో నెలలో వేగం తగ్గడం సహజం. కంగారుపడి సగానికి కోసేయకండి. 12 వారాల తర్వాత కొన్ని వారాలు కొత్త ఖర్చుకి సరిపడా తింటూ అక్కడే నిలబడండి. తగ్గడం కంటే నిలబడడం నేర్చుకోవడమే కష్టం.

ఎప్పుడు ఆపాలి?

కళ్లు తిరగడం, ఎప్పుడూ చలిగా ఉండడం, జుట్టు కుచ్చులుగా రాలడం, నెలసరి తప్పడం, క్లాసులో తిండి తప్ప ఇంకేదీ బుర్రకెక్కకపోవడం. వీటిలో ఏది కనిపించినా లోటు ఆపేసి మామూలుగా తినండి, డాక్టర్‌కి చూపించుకోండి.

తిన్నాక నేరం చేసినట్టు అనిపించడం, దాచుకుని తినడం, కావాలని కక్కేయడం మొదలైతే అది కేలరీల సమస్య కాదు. దానికి సాయం ఉంది. కాలేజీ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. మీ రూమ్మేట్‌లో ఇవి గమనిస్తే "డైటింగ్ బాగా చేస్తున్నావ్" అని మెచ్చుకోవద్దు. పక్కన కూర్చుని, ఒక పూట కలిసి తినండి. "ఎలా ఉన్నావ్?" అని అడగండి.

మొత్తం పాఠం ఒక కాగితం మీద పడుతుంది. బీఎంఐ 23 దాటితేనే మొదలుపెట్టండి. ఖర్చు లెక్కేసి అందులో 15 నుంచి 20 శాతం తగ్గించండి. బీఎంఆర్ కిందకి పోవద్దు. పప్పు, గుడ్డు, పెరుగు కొయ్యవద్దు. నాలుగు వారాల సగటు చూసి సరిదిద్దుకోండి. ఆ కాగితం మీద మీ ఎత్తు, బరువు, వయసు వేసి ఇవాళే ఒకసారి లెక్క చేయండి. వచ్చిన అంకె చాలామందికి, వాళ్లు భయపడ్డదాని కంటే పెద్దదిగానే ఉంటుంది.